720720ని ఎలా పట్టుకోవాలి

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. 720720 గురించి ఏం రాయాలో తోచక "సరి సంఖ్య, పదితో పోతుంది" అని రెండు ముక్కలు రాసి ఆపేశావట. దీనికి టెన్షన్ ఎందుకే! ముందు దాన్ని విడగొట్టు, మిగతా సంగతులు ఆ ముక్కల్లోనే దొరుకుతాయి.

భాగించే ముందు కాసేపు ఊరికే చూడు. 720 పక్కపక్కనే రెండుసార్లు ఉంది కదా? అంటే అది 720 × 1001. మూడంకెలు అలాగే మళ్లీ వచ్చిన ఏ ఆరంకెల సంఖ్యయినా 1001తో పోతుంది. 1001 అంటే 7 × 11 × 13. ఇక 720 అంటావా, 2⁴ × 3² × 5. పెద్ద భాగహారం ఒక్కటీ చేయకుండానే ప్రధాన కారణాంకాలన్నీ వచ్చేశాయి.

మొత్తం కారణాంకాలు ఎన్నో తెలియాలంటే ఒక్కొక్కటీ రాసుకుంటూ కూర్చోకు. ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి గుణించు: 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. ఒకటి ఎందుకు కలపాలంటే, ఒక కారణాంకంలో 2 నాలుగుసార్ల దాకా ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. ఆ లేకపోవడాన్నీ లెక్కేయాలి. 720720 కంటే చిన్న సంఖ్య దేనికీ ఇన్ని కారణాంకాలు లేవు. ఇలాంటివాటిని హైలీ కాంపోజిట్ నంబర్లంటారు, వీటి మీద రామానుజన్ 1915లో పెద్ద వ్యాసమే ప్రచురించారు. 1 నుంచి 16 దాకా అన్నిటితోనూ పోయే అతి చిన్న సంఖ్య కూడా ఇదే. 17 దగ్గర మాత్రం 5 మిగులుతుంది.

తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే 25,29,072 వస్తుంది. తనకు మూడున్నర రెట్లు! ఆ మొత్తం తనకంటే ఎక్కువ కాబట్టి అబండెంట్ నంబర్ అని కూడా రాయి.

అంకెల మొత్తం 18, దానితోనూ పోతుంది కనుక గణితవేత్త కప్రేకర్ పెట్టిన పేరు ప్రకారం ఇది హర్షద్ సంఖ్య. పేరు బాగుంది కానీ, నన్నడిగితే ఇందులో సంఖ్య గొప్ప కంటే మనం పది ఆధారంగా రాసే పద్ధతి పాత్రే ఎక్కువ. ఒక్క వాక్యం చాలు.

ఒక్క విషయంలో మాత్రం నాలా చేయకు. చిన్నప్పుడు 720721ని పట్టుకున్నాను. 2 నుంచి 16 దాకా దేనితో భాగించినా ఒకటే మిగులుతుంది. 17 నుంచి వరసగా ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ 67 దాకా వెళ్లి, విసుగొచ్చి "ప్రధాన సంఖ్యే" అని తేల్చేశాను. ఆ తర్వాతది 71. 71 × 10151 ఎంతో గుణించి చూడు! వర్గమూలం 848 దాటుతుంది, అక్కడిదాకా వెళ్లకుండా ప్రధాన సంఖ్య అని తేల్చకూడదు.

ఇప్పుడు 720719 సంగతి చూసి నాకు రాయి. 17 నుంచి మొదలుపెట్టు. అంతకంటే చిన్నవి ఎందుకు చూడక్కర్లేదో కూడా రాయాలి సుమా.

ఆశీస్సులతో,
తాతయ్య