‘ఛార్జ్’ అన్న ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

‘హి వాజ్ ఛార్జ్‌డ్ విత్ మర్డర్’ అంటే అతనిపై హత్యానేరం మోపారని, ‘షి వాజ్ ఛార్జ్‌డ్ విత్ రన్నింగ్ ద హాస్టల్’ అంటే హాస్టల్ నడిపే బాధ్యత ఆమెకు అప్పగించారని పుస్తకంలో ఉందని, ఒకే మాట ఒకచోట నేరమూ మరొకచోట బాధ్యతా ఎలా అవుతుందో పదో తరగతి చదివే మీ అమ్మాయికి చెప్పలేకపోయానని రాశారు. హైదరాబాదులో ఇరవై ఏళ్లుగా ఆస్తి పత్రాలు, కోర్టు కాగితాలు తెలుగులోకి అనువదిస్తున్న నన్ను అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టిన మాట ఇదే కాబట్టి, కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని మూలం లాటిన్‌లో బండికి ఉన్న ‘కార్రుస్’ అన్న పేరు. దాని నుంచి పుట్టిన ‘కార్రికారే’ అన్న క్రియకు బండిమీద బరువు వేయడమని అర్థం. కారు, కార్గో, క్యారీ అన్న మాటలూ ఈ కుటుంబానివే. కాబట్టి ‘ఛార్జ్’ కనిపించిన ప్రతిచోటా ఎవరిమీద, దేనిమీద ఏ బరువు వేస్తున్నారో వెతకమని మీ అమ్మాయికి చెప్పండి. మీరిచ్చిన రెండు వాక్యాల్లో మొదటిదానిలో మనిషిమీద వేసిన బరువు నేరం, రెండోదానిలో పని. మన భాషా ఇదే దారిలో నడిచింది. నెత్తిన పెట్టుకునే గడ్డిమోపూ, మనిషిపై నేరం మోపడమూ ఒక్క మాటతోనే చెబుతాం. బాధ్యతను భుజాన వేసుకుంటాం, కొత్త అధికారి కార్యభారం స్వీకరించారంటాం, పన్నుల భారం పెరిగిందంటాం. ఇది ఇంగ్లీషు పిల్లలకంటే తెలుగు పిల్లలకే తొందరగా అర్థం కావాలని నా నమ్మకం.

ఈ సంగతి నాకు తెలిసింది పుస్తకాల వల్ల కాదు, నేను చేసిన ఒక తప్పు వల్ల. వృత్తిలోకి వచ్చిన తొలి రోజుల్లో, నారాయణగూడలో పాత ఇల్లు కొనబోతున్న ఒక పెద్దాయన తన కాగితాలు తెలుగులో రాసిపెట్టమన్నారు. చెల్లించని ఆస్తి పన్ను ఆ ఇంటిమీద ‘ఫస్ట్ ఛార్జ్’ అవుతుందని ఒకచోట ఉంటే, నేను దాన్ని ‘మొదటి రుసుము’ అని రాశాను. రిజిస్ట్రేషన్‌కు ముందు కట్టవలసిన ఫీజేదో ఉందని ఆయన అనుకున్నారు. నిజానికి అక్కడ ఛార్జ్ అంటే రుసుము కాదు, ఆస్తిపై ఉండే హక్కు భారం: పన్ను బకాయిని ఆ ఇంటిలోంచి మిగతా అప్పులకంటే ముందుగా రాబట్టుకోవచ్చు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం నూరో సెక్షన్ వివరించే ఛార్జ్ కూడా ఈ కోవదే. తనఖా పెట్టకపోయినా స్థిరాస్తి ఒక బాకీకి హామీగా నిలవడం. ఒప్పందం రాసుకోకముందే ఆయన న్యాయవాది పట్టుకున్నారు కాబట్టి నష్టం జరగలేదు గానీ, ఆ రోజు నాకు కలిగిన భయం ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి ఆస్తి కాగితాల్లో ఈ మాటను ‘ఆస్తిపై భారం’ అనే రాస్తున్నాను.

కోర్టు కాగితాల్లో మరో జాగ్రత్త కావాలి. పోలీసులు ఛార్జిషీటు వేయడమూ, న్యాయస్థానం ఛార్జ్ ఫ్రేమ్ చేయడమూ ఒకటి కావు. మొదటిది దర్యాప్తు ముగిశాక ఇచ్చే నివేదిక. దాన్ని పరిశీలించి, విచారణకు తగిన ఆధారం ఉందనుకుంటేనే న్యాయమూర్తి అభియోగాలు ఖరారు చేస్తారు, లేదంటే నిందితుణ్ణి డిశ్చార్జ్ చేస్తారు. డిశ్చార్జ్ అంటే వేసిన బరువును దించడం. ఆసుపత్రి నుంచి రోగిని డిశ్చార్జ్ చేయడంలోనూ ఉన్నది అదే మాట.

తుపాకీలో మందు దట్టించడాన్ని కూడా ఇంగ్లీషువాళ్లు ఛార్జ్ అనేవారు. 1740ల్లో లేడెన్ జాడీలతో, అంటే విద్యుత్తును నిల్వచేసే గాజు జాడీలతో, ప్రయోగాలు చేసిన అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తుకు ఈ మాటను వాడారు. ఫిరంగుల వరుసకు ఉన్న బ్యాటరీ అన్న పేరును జాడీల వరుసకు పెట్టిందీ ఆయనే. మన ఫోన్ ఛార్జింగ్ ఆ దారిన వచ్చింది. మన భౌతికశాస్త్ర పుస్తకాలు దీన్ని ‘ఆవేశం’ అన్నాయి; నాకు ఎంతో నచ్చిన అనువాదం. లాఠీఛార్జిలోని దాడి అర్థం ఆయుధాన్ని ఎక్కుపెట్టి ముందుకు దూకడం నుంచి వచ్చింది.

ఇక డబ్బు సంగతి. ఆర్టీసీ బస్సు ఛార్జీలు, ఆటో ఛార్జీలు అని మనం తెలుగులో అనడంలో తప్పేమీ లేదు, ఇప్పుడది తెలుగు మాటే. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం ప్రయాణానికి ‘ఫేర్’, డాక్టరుకో లాయరుకో ఇచ్చేదానికి ‘ఫీ’ అని రాయమనండి.

పరీక్షలో పిల్లలు తరచుగా తడబడేది మరొకటి ఉంది. ‘ద నర్స్ ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ద చైల్డ్’ అంటే బిడ్డ బాధ్యత నర్సుది. ‘ద చైల్డ్ ఈజ్ ఇన్ ద ఛార్జ్ ఆఫ్ ద నర్స్’ అన్నా భావం అదే, కాని వాక్యం బిడ్డవైపు నుంచి మొదలైంది. మధ్యలో చేరిన ఆ చిన్న ‘ద’ను చూడకపోతే బిడ్డే నర్సును చూసుకుంటున్నట్టు అర్థం తలకిందులవుతుంది. ‘ద నర్స్ అండ్ హర్ ఛార్జెస్’ అని కనబడితే అవి నర్సు తీసుకునే డబ్బులు కావచ్చు, ఆమె సంరక్షణలో ఉన్న పిల్లలూ కావచ్చు. ఏదో తెలియాలంటే తరువాతి వాక్యం చదవాలి.