హారన్ డ్రైవర్లు కాలిపోవడం: మీ లిమిటర్ లెక్క ఎక్కడ తప్పింది

బెంగళూరు మారతహళ్లి హాల్లో పెళ్లిళ్లకు వాడుతున్న మీ సౌండ్ సెట్‌లో లిమిటర్ (సిగ్నల్ హద్దు దాటకుండా ఆపేది) ఉన్నా రెండో హారన్ డ్రైవర్ (పై స్వరాలు పలికే స్పీకర్ యూనిట్) పోయిందన్నారు, ఎందుకని అడిగారు. డ్రైవర్ 60 వాట్లు, 8 ఓమ్‌లు, ఆంప్లిఫయర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) 32 డీబీ, క్రాసోవర్ (శబ్దం హారన్‌కి మారే చోటు) 1.5 కిలోహెర్ట్జ్, త్రెషోల్డ్ (లిమిటర్ పని మొదలుపెట్టే స్థాయి) +6 డీబీయూ (సిగ్నల్ వోల్టేజి కొలత, 0 అంటే 0.775 వోల్టు). తప్పు ఆ చివరి అంకెలోనే ఉందండి. +6కి 32 కలిపితే ఆంప్ నుంచి దాదాపు 62 వోల్టులు, అంటే 470 వాట్ల పైనే వస్తుంది. అంతవరకూ మీ లిమిటర్ కదలనే కదలదు.

వాట్లను వోల్టుల్లోకి మార్చి చూడండి. 60×8=480, వర్గమూలం 22 వోల్టులు. 32 డీబీ అంటే 40 రెట్లు, కాబట్టి లిమిటర్ ఉన్న ప్రాసెసర్ నుంచి 0.55 వోల్టు దాటకూడదు. అది -3 డీబీయూ. గంటల తరబడి మోగే పెళ్లిళ్లకు నేనైతే ఆర్ఎంఎస్ లిమిటర్‌ను (సగటు స్థాయిని చూసేది) -6 దగ్గరే పెడతాను. డ్రైవర్‌లోని కాయిల్ వేడికి సగం పవరే భద్రం. అటాక్ (లిమిటర్ పట్టుకోవడానికి తీసుకునే సమయం) అర సెకను, రిలీజ్ (వదలడానికి తీసుకునే సమయం) 2 సెకన్లు. క్షణికంగా ఎగిసే శబ్దాలను ఆపే పీక్ లిమిటర్ వేరే: +3 డీబీయూ, అటాక్ 0.5 మిల్లీసెకను, రిలీజ్ 8 మిల్లీసెకన్లు.

గెయిన్‌ను కాగితం చూసి నమ్మకండి. స్పీకర్ వైర్లు పీకేసి, ఆంప్‌కి నేరుగా 200 హెర్ట్జ్ సైన్ టోన్ 0.25 వోల్టు ఇవ్వండి. మీటర్‌లో 10 వోల్టులు రావాలి. మామూలు మీటర్లు 1 కిలోహెర్ట్జ్ పైన తప్పు చూపిస్తాయి, అందుకే 200. నాబ్‌లు పూర్తిగా తెరిచి కొలవండి, తర్వాత ఎవరూ ముట్టుకోకుండా టేప్ వేయండి. ఆంప్ గెయిన్ స్విచ్ మారితే లెక్కంతా మళ్లీ మొదటికే.