చెరువు కట్ట కింద మా ఊరు: గండి పడకముందే కోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి జిల్లాలో ఒక పాత సాగునీటి చెరువు కట్ట కిందనే ఉన్న ఊరు. కట్ట సుమారు కిలోమీటరు పొడవుంటుంది. 2021 నవంబరు వానలకు రెండు రాత్రులు పిల్లలతో సహా బడిలో పడుకున్నాం. తర్వాత కట్ట మీద నాలుగు లారీల మట్టి పోశారు, అంతే. ఇప్పుడు కట్ట అడుగున రెండు చోట్ల ఊట వస్తోంది. తూము షట్టరు తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయింది. కట్ట నిండా కంపచెట్లు. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లే మొరవ నుంచి పోయే కాలవలో ఒకాయన మామిడి మొక్కలు పెట్టి కంచె వేశాడు. ఇంజనీరు గారిని అడిగితే ఫండ్స్ లేవు, సాగునీటి సంఘాన్ని అడగండి అంటారు. సంఘం వాళ్లు అది డిపార్ట్‌మెంటు పని అంటారు. కొంచెం నీళ్లు వదలండి అంటే ఆయకట్టు రైతులు కొట్టడానికొస్తారు. నాకున్నది కౌలుకు తీసుకున్న రెండెకరాలు. కట్ట తెగితే నష్టం ఎవరిస్తారు? తెగకముందే ఏమైనా చేయొచ్చా?
- ఒక పాఠకుడు, తిరుపతి జిల్లా

జవాబు: మీ ప్రశ్నకు దగ్గరి కేసు ఒకటి మన పక్కనే, కార్వేటినగరం జమీందారీలో పుట్టింది. భారీ వానకు అక్కడి రెండు పాత చెరువులు తెగి, ఆ నీళ్లు మద్రాసు రైల్వే కంపెనీ లైనును దెబ్బతీశాయి. కంపెనీ జమీందారు మీద దావా వేసింది. ఇంగ్లండులో అప్పటికే 1868 నాటి రైలాండ్స్ తీర్పు ఉంది. తన స్థలంలో నీళ్లు నిలవ చేసినవాడు, ఆ నీళ్లు బయటపడి పక్కవాడిని ముంచితే, ఎంత జాగ్రత్తగా ఉన్నా సరే నష్టం కట్టాల్సిందేనని దాని సారాంశం. కంపెనీ దాన్నే పట్టుకుంది. 1874లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మనకు లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు, ఒప్పుకోలేదు. ఇక్కడ చెరువు ఒకరు సొంత లాభానికి తవ్వుకున్నది కాదు, జనం బతుకు దాని మీద ఆధారపడి ఉంది, దాన్ని తీసేసే హక్కు జమీందారుకు లేదు, కాపాడాల్సిన బాధ్యత మాత్రం ఉంది అంది. కాబట్టి నిర్లక్ష్యం రుజువైతేనే పరిహారం. అది రుజువు కాలేదు, కంపెనీ ఓడిపోయింది.

నూట యాభై ఏళ్ల నాటి ఈ గొడవ మీకెందుకంటే, చెరువు తెగిన కేసుల్లో ఇప్పటికీ మొదటి వాదన అదే: ‘కనీవినీ ఎరుగని వాన, మేమేం చేస్తాం?’ దానికి ఎదురు నిలిచేది ఒక్కటే. కట్ట బాగాలేదని వాళ్లకు ముందే తెలుసు, తెలిసీ ఏమీ చేయలేదు అని చూపించగలగాలి. ఆ తెలుసు అన్నదానికి సాక్ష్యం మీరు ఈ రోజు రాసిచ్చే అర్జీ. మీ ఉత్తరంలో ‘అడిగితే’ అన్న మాట ఉంది, ‘రాసిచ్చాం’ అన్న మాట ఒక్కసారీ లేదు. నోటిమాటగా పదిసార్లు అడిగినా కోర్టులో అది సున్నా.

అసలు బాధ్యత ఎవరిది? 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఆ రోజుల్లోనే రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అదే ఏడాది డిసెంబరు 30 నుంచి కేంద్ర డ్యామ్ భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. ఎత్తు 15 మీటర్లు దాటిన ప్రతి డ్యామ్‌కూ అది వర్తిస్తుంది, ఎప్పుడు కట్టినదైనా సరే. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే, కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకపోయినా, నిలవ 10 లక్షల ఘనపు మీటర్లకు, అంటే దాదాపు 35 ఎంసీఎఫ్‌టీకి (మిలియన్ ఘనపు అడుగులకు) తగ్గకపోయినా సరిపోతుంది. మీ కట్ట పొడవు ఎలాగూ దాటింది, తేలాల్సింది ఎత్తు. ఎత్తంటే కట్ట మీద నిలబడి చూస్తే కనిపించేది కాదు, పునాది అట్టడుగు నుంచి కొలిచేది. అందుకని ‘ఇది చిన్న చెరువేలే, చట్టం కిందికి రాదు’ అని ఎవరన్నా అంటే కొలత కాగితం చూపించమనండి.

చట్టం కిందికి వస్తే మాత్రం మీ పని సగం తేలిక. డ్యామ్‌ను సొంతం చేసుకున్నవారే కాదు, నడిపేవారు, నిర్వహించేవారు కూడా ఆ చట్టం దృష్టిలో యజమానులే. మరమ్మతులకు నిధులు కేటాయించడం, వానలకు ముందూ తర్వాతా తనిఖీ చేయడం, అత్యవసర ప్రణాళిక తయారుచేయడం వాళ్ల విధి. నా మాటగా ఒకటి చెబుతాను. కాగితాల్లో వానాకాలం జూన్‌లో మొదలవుతుంది, మన చెరువులు తెగేది మాత్రం కార్తీకంలో. మే నెలలో ఎండిన కట్టను చూసి రాసిన తనిఖీ నివేదిక మనకు సరిపోదు, సెప్టెంబరు చివర్లో ఇంకోసారి చూడమని అర్జీలో అడగండి. ఆ చట్టం కింద ఇచ్చిన ఆదేశాన్ని పాటించనివారికి ఏడాది వరకు, దానివల్ల ప్రాణనష్టం జరిగినా ఆ ముప్పు ముంచుకొచ్చినా రెండేళ్ల వరకు జైలు ఉంది. కానీ ఆ కేసు మీరు నేరుగా వేయలేరు. ప్రభుత్వమో, ఆ చట్టం కింద అధికారం ఉన్నవారో ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకుంటుంది. అందుకే మీ అర్జీ నకలు రాష్ట్ర డ్యామ్ భద్రతా సంస్థకు కూడా వెళ్లాలి.

ఇక సంఘం సంగతి. 1997 నాటి చట్టం కింద ఏర్పడిన సాగునీటి సంఘం పని ప్రధానంగా నీళ్ల పంపకం, కాలవల మరమ్మతు. కట్ట, తూము, మొరవల భద్రతను సంఘం మీదికి నెట్టి డిపార్ట్‌మెంటు చేతులు దులుపుకోవడం నా దృష్టిలో చెల్లదు. అయినా అర్జీ ఇద్దరికీ ఇవ్వండి, వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు.

ఫండ్స్ లేవన్న మాటకు 1980లోనే సుప్రీంకోర్టు రత్లాం మున్సిపాలిటీ కేసులో జవాబు చెప్పింది. అక్కడ గొడవ మురుగు కాలవల మీద. డబ్బు లేదని చెప్పి చట్టం పెట్టిన విధిని తప్పించుకోలేరని కోర్టు తేల్చింది. ఆ కేసు నడిచిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 133 ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152 అయింది. మొరవ కాలవకు అడ్డం వేసిన కంచె గురించి ఆ సెక్షన్ కింద ఆర్డీఓ గారి ముందు పిటిషన్ వేయొచ్చు. కాలవ ప్రభుత్వ భూమి అయితే 1905 నాటి ఆక్రమణల చట్టం కింద నోటీసిచ్చి తీసేయించే అధికారం తహసీల్దారుకూ ఉంది. ముందు ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు తీసుకుని, కాలవ హద్దు ఎక్కడిదాకా ఉందో సర్వేయరుతో కొలిపించండి. కొలతలు లేకుండా మొదలుపెడితే అది పాత కక్షల తగాదాగా మారిపోతుంది.

అర్జీ ఎలా రాయాలంటే, ‘మా చెరువు ప్రమాదంలో ఉంది, దయచేసి కాపాడగలరు’ అని కాదు. ఫలానా తేదీన, తూముకు ఇన్ని అడుగుల దూరంలో, కట్ట అడుగున ఊట చూశాం అని రాయండి. ఒక గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి ఫొటో తీయండి. తేటగా వస్తే మట్టికట్టకు కొంత ఊట మామూలే అంటారు. బురదగా వస్తే కట్టలో మట్టి నీళ్లతో పాటు జారిపోతోందని అర్థం, అది ఆలస్యం చేయకూడని సంగతి. ఆ రోజే ఫోన్‌లోనూ చెప్పండి, రాతలోనూ ఇవ్వండి. నీటిపారుదల ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసులో, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు కలెక్టరే.

అదే వారంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కట్ట ఎత్తు, నిలవ ఎంత, గత అయిదేళ్ల తనిఖీ నివేదికలు, పంపిన అంచనాలు, మంజూరైన డబ్బు, ఆ నాలుగు లారీల మట్టి బిల్లు అడగండి. గడువు 30 రోజులు. ప్రాణాలకు సంబంధించినదని వివరిస్తే 48 గంటల్లో ఇవ్వాలి. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: ఆ చట్టం కింద కాగితాలే కాదు, జరిగిన పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన మట్టి, సిమెంటు నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి.

ఇవన్నీ చేసినా కదలిక లేకపోతే, అవును, గండి పడకముందే కోర్టుకు వెళ్లొచ్చు. అమరావతిలోని హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేసి, తనిఖీ చేయించి గడువులోగా మరమ్మతు చేయాలని ఆదేశం కోరవచ్చు. ముంపు భయం మీ ఇంటికే ఉంది కనుక అది మీ సొంత హక్కు. రిట్‌లో జడ్జి గారు మొదట చూసేది అధికారులకు ముందు రాసిచ్చారా లేదా అన్నదే.

తెగాక నష్టపరిహారం కూడా అసాధ్యమేమీ కాదు. గుజరాత్‌లో ప్రభుత్వం కట్టిన ఒక కట్ట వల్ల నీళ్లు ఉప్పు ఫ్యాక్టరీని ముంచిన కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వానిదే బాధ్యత అంది. కాకపోతే మునిగింది 1956లో, ఆ మాట వచ్చింది 1994లో. ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. మూడేళ్ల గడువుందిలే అని కూర్చోకండి. చట్టం ప్రకారం చేసిన పని అంటూ ఏడాది గడువే వర్తిస్తుందని ప్రభుత్వ ప్లీడరు వాదించవచ్చు, కాబట్టి ఏడాదిలోపే వేయండి.

నీటిమట్టం తగ్గించే విషయంలో ఒక హెచ్చరిక. మీ ఊరి కుర్రాళ్లు రాత్రిపూట వెళ్లి మొరవ పగలగొట్టడం, ఆయకట్టు రైతులు దాని మీద ఇసుక బస్తాలు పేర్చడం, రెండూ నేరాలే. సాగునీటి కట్టడాలకు నష్టం చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 326 కింద అయిదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. ఎంత మట్టం దాకా నిలవ పెట్టాలో ఇంజనీరు చేత రాతపూర్వకంగా చెప్పించండి, అప్పుడు ఆయకట్టు రైతులతో మీకు గొడవ ఉండదు.

మీరు కౌలు రైతు కనుక చివరగా ఒక మాట. కౌలు కార్డు తీసుకుని, ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో మీ పేరు మీద పంట ఎక్కించుకోండి. లేకుంటే వరద సాయం భూమి యజమాని ఖాతాలో పడుతుంది, దాని కోసం మళ్లీ నాకు ఇంకో ఉత్తరం రాస్తారు. వకీలు ఫీజు భారమైతే 15100కి ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి, వరద బాధితులకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది.