వేపచెట్టు నీడలోనూ వెలుతురు ఉంది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బడిపిల్లల సైటు గురించే ఉన్నాయి. ఇంచుమించు అందరూ అడిగినవి ఒకే రకం ప్రశ్నలు కాబట్టి, వాటిలో మూడింటిని తీసుకుని కాస్త వివరంగా సమాధానం రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఐదో తరగతి చదువుతోంది. పోయిన నెల కర్నూలు బస్టాండులో ఎదురుగా ఆగిన బస్సు మీద ‘ఆదోని’ అని నాకు స్పష్టంగా కనిపిస్తూ ఉంటే, తను కళ్లు చికిలించి, తల పక్కకు వంచి చూసి, “ఆళ్లగడ్డనా అమ్మా?” అని అడిగింది. కళ్లద్దాల దుకాణంలో పరీక్ష చేయిస్తే రెండు కళ్లకూ మైనస్ 1.25 అన్నారు. నాకు గానీ మావారికి గానీ అద్దాలు లేవు. రోజూ ఎండలో ఆడిస్తే సైటు పోతుందని కొందరు చెబుతున్నారు. అద్దాలు పెడితే నంబరు పెరుగుతూ పోతుందని మా అత్తగారు భయపడుతున్నారు. ఒకటో తరగతి చదివే బాబు కూడా ఉన్నాడు. మేము ఏం చేయాలి?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. కంటిపాపను విప్పే చుక్కల మందు వేసి పరీక్ష చేశారో లేదో మీరు రాయలేదు. పిల్లల కంటిలోని కండరం దగ్గరి చూపు కోసం బిగుసుకుని ఉన్నప్పుడు, లేని మైనస్ కూడా పరీక్షలో కనిపించవచ్చు, కొద్దిగా ఉన్నది ఎక్కువగానూ కనిపించవచ్చు. మీ ఊళ్లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది కాబట్టి, అక్కడైనా, మీకు నమ్మకమున్న మరో కంటి డాక్టరు దగ్గరైనా చుక్కలు వేయించి ఒకసారి చూపించండి. ఆ తరువాతే అద్దాలు చేయించండి.

ఆ పరీక్షలోనూ మైనస్ ఉందని తేలితే, ఎండలో ఎంత ఆడించినా అది పోదు. హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనిపించే ఈ మైనస్ సైటు, చాలామంది పిల్లల్లో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండవలసిన దానికంటే పొడవుగా పెరగడం వల్లే వస్తుంది. పుట్టినప్పుడు సుమారు 17 మిల్లీమీటర్లుండే ఆ పొడవు పెద్దవారిలో 23, 24 దగ్గర ఆగుతుంది. అది ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగినా మైనస్ రెండున్నర దాకా నంబరు వస్తుంది. మీ అమ్మాయి లెక్కలో అది అర మిల్లీమీటరు, అంటే కర్నూలు సోనా బియ్యపు గింజ వెడల్పులో సగం కూడా ఉండదు. అంత చిన్న తేడాకే దూరం నుంచి వచ్చే వెలుగు కంటి వెనక తెరలా ఉండే రెటీనా మీద పడకుండా దాని ముందే కలిసిపోయి, ఆదోని కాస్తా ఆళ్లగడ్డ అయింది. ఒకసారి పొడవు పెరిగిన గుడ్డు మళ్లీ పొట్టిది కాదు. కాబట్టి సైటు పోగొడతామని చెప్పే కంటి కసరత్తుల మీదా, చుక్కల మీదా, పొడుల మీదా డబ్బు పోయవద్దు.

ఆరుబయటి వెలుతురు ముఖ్యంగా పనికివచ్చేది సైటు రాకముందు. అందుకే నా దృష్టి మీ అమ్మాయి కంటే ఎక్కువగా మీ బాబు మీద ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 2010 నుంచి మూడేళ్ల పాటు పన్నెండు ప్రాథమిక పాఠశాలల్లో ఒక పరిశీలన జరిగింది. సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల పాటు అదనంగా ఆరుబయట తరగతి పెట్టారు, మిగిలిన సగంలో ఏ మార్పూ చేయలేదు. మూడేళ్ల తరువాత లెక్క చూస్తే, మామూలు బడుల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చిన పిల్లలు నూటికి 39.5 మంది, బయటికి పంపిన బడుల్లో 30.4 మంది. అంటే బయట ఆడిన పిల్లల్లోనూ ఎందరికో సైటు వచ్చిందన్నమాట. దీన్ని రక్షరేకులా చూడకండి, కానీ పైసా ఖర్చు లేకుండా నూరు మందిలో తొమ్మిది మందికి ఆ మూడేళ్లలో సైటు రాకుండా ఆపగలిగిన ఉపాయం నా వృత్తిలో ఇంకొకటి నాకు తెలియదు. మీ బాబుకు అక్కకు సైటు వచ్చిందన్న ఒక్క కారణం చాలు, ఇప్పటి నుంచే రోజుకు రెండు గంటలు ఆరుబయట గడిచేలా చూడటానికి.

అలాగని అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టవద్దు. సైటు వచ్చిన తరువాత వెలుతురు చేసే మేలు తక్కువేనని కొన్ని పరిశీలనల్లో, కనిపించలేదని మరికొన్నిటిలో తేలింది, అయినా బయట ఆడటం మానవలసిన పని లేదు. నంబరు వేగంగా పెరుగుతూ ఉంటే, ఆ వేగాన్ని తగ్గించడానికి తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకమైన అద్దాలు ఉన్నాయి. అవి డాక్టరు చూసి రాయవలసినవే.

మీ అత్తగారి భయం గురించి కూడా చెప్పాలి. ఏడో తరగతిలో నాకు అద్దాలు వచ్చినప్పుడు మా నాయనమ్మ కూడా అదే మాట అని, బడికి తప్ప పెట్టుకోనివ్వలేదు. నంబరు పెరగడానికి కారణం పెరిగే వయసులో గుడ్డు పొడవు పెరగడమే తప్ప అద్దాలు కావు. అద్దాలు పెట్టుకోకపోయినా అది పెరుగుతుంది, నల్లబల్ల మీద లెక్క మాత్రం కనిపించదు. కావాలని తక్కువ నంబరు అద్దాలు ఇస్తే సైటు ఆగుతుందేమోనని మలేసియాలో పరీక్షించి చూస్తే, ఆ పిల్లల్లో నంబరు ఇంకా ఎక్కువే పెరిగింది. కాబట్టి పూర్తి నంబరు అద్దాలు చేయించి, ఆడుకునేటప్పుడు కూడా తాడు కట్టి పెట్టుకోనివ్వండి.

ప్రశ్న: నేను కడప జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. పిల్లల కళ్లకు ఆరుబయటి వెలుతురు మంచిదని చదివాను. కానీ మార్చి వచ్చిందంటే మా వైపు ఎండ నలభై దాటుతుంది, ఒంటిపూట బడులు పెడతారు, పిల్లలను గ్రౌండుకు పంపితే వడదెబ్బ తగులుతుందని భయం. ఎండలో నిలబెట్టకుండా ఈ మేలు దక్కే దారి ఉందా? తరగతి గదిలోనే మంచి ఎల్‌ఈడీ లైట్లు పెట్టిస్తే సరిపోదా?
– ఒక ఉపాధ్యాయుడు, కడప జిల్లా

జవాబు: మాస్టారూ, రాయలసీమలో ఈ విషయం ఎత్తగానే అడగవలసిన ప్రశ్న ఇదే. పిల్లల కంటికి కావలసింది వెలుతురు, ఒంటి మీద పడే ఎండ కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మనవాళ్లు పిల్లలను మొత్తంగా గదుల్లో పెట్టి తలుపులు వేస్తున్నారు.

వెలుతురును లక్స్ అనే కొలతతో లెక్కిస్తారు. ట్యూబులైటు వేసిన ఇంటి గదిలో నూరు నుంచి మూడు వందల లక్స్, కిటికీలు తెరిచిన మంచి తరగతి గదిలో మూడు నుంచి ఐదు వందలు ఉంటుంది. మధ్యాహ్నం నడినెత్తిన ఎండ పడే చోట అది లక్ష దాకా పోతుంది. ఈ రెంటికీ మధ్యలో ఏముందో ఎవరూ చూడరు. మీ బడి ఆవరణలో వేపచెట్టు ఉంటే, ఆకాశం కనిపించే వైపుకు దాని నీడలో కూర్చున్న పిల్లవాడి కళ్లకు వేల లక్స్ వెలుతురు అందుతూనే ఉంటుంది. టోపీ పెట్టినా అది తరగతి గది వెలుతురు కంటే ఎన్నో రెట్లు ఎక్కువే. మనకు ఆ తేడా తెలియకపోవడానికి కారణం, గదిలోంచి చెట్టు కిందికి వెళ్లగానే కంటిపాప కుదించుకుంటుంది, మెదడు సర్దుకుంటుంది. ఎల్‌ఈడీ బల్బులతో అంత వెలుతురు తేవాలంటే మీ తరగతి గది కరెంటు బిల్లు గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

అంత వెలుతురు కంట్లో పడినప్పుడు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలై, గుడ్డు పొడవు పెరగకుండా పట్టి ఉంచుతుందని ఇప్పటికి ఎక్కువమంది అంగీకరిస్తున్న వివరణ. ముందుగా కోడిపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో ఇది కనిపించింది. ఆట వల్ల వచ్చే వ్యాయామం ఇందులో ముఖ్యం కాదు. ఇండోర్ స్టేడియంలో గంట షటిల్ ఆడిన పిల్లవాడికి ఒంటికి మంచిదే గానీ, కంటికి దక్కవలసిన ఈ మేలు దక్కదు.

పుస్తకాలు ఎక్కువ చదవడమే కారణమని మనం అనుకుంటాం కాబట్టి ఇంకో సంగతి చెబుతాను. చైనా సంతతికే చెందిన ఆరేడేళ్ల పిల్లలను సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ పోల్చి చూసి 2008లో ప్రచురించారు. సింగపూర్ పిల్లల్లో నూటికి 29 మందికి హ్రస్వదృష్టి ఉంటే సిడ్నీలో ముగ్గురికే ఉంది. సిడ్నీ పిల్లలు చదివే పుస్తకాలు ఇంకా ఎక్కువే. వాళ్లు వారానికి దాదాపు 14 గంటలు ఆరుబయట గడిపితే, సింగపూర్ పిల్లలు మూడు గంటలే గడిపారు. జాతి ఒకటే, వయసు ఒకటే, ఊరు మారింది.

ఇక మీ బడిలో ఆచరణ. ఒంటిపూట బడుల రోజుల్లో ప్రార్థన, మొదటి పీరియడు చెట్ల కింద పెట్టవచ్చు. ఉదయం తొమ్మిదిలోపు ఎండ ఇంకా ముదరదు. మామూలు రోజుల్లో ఇంటర్వెల్‌కు గది ఖాళీ చేసి తలుపు వేయడం ఒక్కటే పెద్ద పని. తైవాన్‌లో ఒక బడిలో అదే చేసి చూసి ఫలితం కనిపించాక, 2010 నుంచి దేశమంతటా రోజుకు 120 నిమిషాలు పిల్లలను బయట ఉంచే కార్యక్రమం పెట్టారు. మధ్యాహ్న భోజనం వరండాలో కంటే చెట్టు కింద పెట్టించండి. రెండు గంటలూ ఒకేసారి కానక్కరలేదు, ఇరవై నిమిషాలు, అరగంట చొప్పున కూడబెట్టవచ్చు. ఎండలు ముదిరాక పగలు పదకొండు గంటల నుంచి నాలుగు గంటల దాకా మాత్రం ఎవరినీ బయటికి పంపవద్దు. నా సలహా ఏదీ ఆ గంటలకు వర్తించదు. చెట్టే లేని ఆవరణ అయితే ఈ వానాకాలమే రెండు కానుగ మొక్కలు నాటించండి, అప్పటి దాకా మూడు వైపులా తెరిచిన రేకుల షెడ్డు పనిచేస్తుంది. ఇంతా చెప్పి, పీఈటీ పీరియడును లెక్కల మాస్టారు తీసేసుకునే ఆచారం మీ బడిలో కూడా ఉంటే, దాన్ని ఆపగలిగేది నేను కాదు, మీరే.

ఇంకొకటి. తనకు కనిపించడం లేదని పిల్లవాడు మీకు చెప్పడు. అందరికీ ప్రపంచం అలాగే కనిపిస్తుందని అనుకుంటాడు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభమైన కంటి వెలుగు పరీక్షలు బడిపిల్లలతోనే మొదలుపెట్టడంలో అర్థం ఇదే. పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకునేవాణ్ణి కాపీ కొడుతున్నాడని దండించే ముందు, చివరి బెంచీ నుంచి నల్లబల్ల చదివించి చూడండి.

ప్రశ్న: మా మనవడికి తొమ్మిదేళ్లు. సెల్‌ఫోను వదలడు. తెల్లవారి సూర్యుణ్ణి కన్నార్పకుండా చూస్తే, రోజూ క్యారెట్టు, మునగాకు తింటే కంటిచూపు పెరుగుతుందని మా కాలంలో చెప్పేవారు. వాడి చేత చేయించవచ్చా? ఎండాకాలంలో వాడు కళ్లు తెగ నులుముకుంటాడు కూడా.
– ఒక తాత, అనంతపురం

జవాబు: పెద్దాయనా, సూర్యుణ్ణి మాత్రం చూడనివ్వకండి. ఉదయమైనా సాయంత్రమైనా సూర్యబింబాన్ని తదేకంగా చూస్తే రెటీనా నడిమధ్య కాలిపోవచ్చు. అప్పుడు నొప్పి కూడా పుట్టదు, కానీ ఆ తరువాత చూసే ప్రతి అక్షరం మధ్యలో ఆ కాలిన చోటు మచ్చలా నిలిచిపోతుంది. నమస్కారం చేసుకోవచ్చు, కళ్లు దించుకుని.

మునగాకు, క్యారెట్టు తప్పక పెట్టండి. అందులోని విటమిన్ ఏ రేచీకటి రాకుండా కాపాడుతుంది, సైటును మాత్రం ఆపలేదు. ఫోను విషయంలో నా అభిప్రాయం ఇది: ఫోను కంటే ఫోను తినేసిన సాయంత్రం ఎక్కువ నష్టం. లాక్కుంటే ఏడుస్తాడు కాబట్టి, నాలుగున్నర తరువాత మీరే వాణ్ణి వెంటబెట్టుకుని వీధిలోకి రండి. మీకూ నడక అవుతుంది.

కళ్లు నులుముకోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మన పొడి గాలికి, దుమ్ముకు పిల్లల్లో కంటి ఎలర్జీ ఎక్కువ, ఏళ్ల తరబడి గట్టిగా నులిమితే నల్లగుడ్డు పైపొర పలచబడి కోసుగా ముందుకు వంగవచ్చు. చల్లని నీళ్లతో తడిపిన గుడ్డ మూసిన కళ్ల మీద వేసి, ఈ వారమే డాక్టరుకు చూపించండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు, దురద వెంటనే తగ్గినా అది కంటి ఒత్తిడిని పెంచవచ్చు, కాబట్టి పాత సీసా ఇంట్లో ఉంటే దాన్ని కూడా పట్టుకుని వెళ్లండి.