ఏ కోతి?

సైదాపేట, చెన్నై
ఆదివారం పొద్దున

చిరంజీవి మాధురికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. ముందుగా ఒక మాట. మేడమ్ అనడం మానెయ్. మీ అమ్మమ్మగారి నాయుడుపేటకీ మా గూడూరుకీ ఎంత దూరమని? పెద్దమ్మా అను, చాలు.

కోతుల మలేరియా గురించి తెలుగులో రాయాలని కూర్చున్నందుకే నీకు సగం మార్కులు వేసేశాను. మిగతా సగం సంగతి చెబుతాను.

నీ వ్యాసంలో 'కోతి' అన్న మాట ఇరవైమూడు చోట్ల ఉంది. లెక్కపెట్టాను. అది ఏ కోతో ఒక్కచోటా చెప్పలేదు. మొదటి పేరాలో కోతి జ్వరమొచ్చి చచ్చిపోతుంది. మూడో పేరాలో కోతి ఏళ్ల తరబడి ఒంట్లో పరాన్నజీవిని పెట్టుకుని కొమ్మలమ్మట గెంతుతూ ఉంటుంది. చదివేవాడు ఏది నమ్మాలి? నువ్వు రాసిన రెండూ నిజమే, అదీ చిక్కు. ఆ చచ్చిపోయింది ఒక జాతి, ఈ గెంతేది ఇంకో జాతి.

ప్లాస్మోడియం నోలెసి అనే కోతుల మలేరియా పరాన్నజీవి కథే తీసుకో. 1930ల మొదట్లో సింగపూర్ నుంచి కలకత్తా వచ్చిన ఒక పొడుగుతోక కోతి రక్తంలో అది బయటపడింది. ఆ కోతికి పెద్ద బాధేమీ లేదు. అదే రక్తాన్ని రీసస్ కోతికి, అంటే ఉత్తరాది ఎర్రమూతి కోతికి ఎక్కిస్తే, మందు పడకపోతే అది బతకడం కష్టం. 1932లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో నోల్స్, దాస్ గుప్తా ఇది మనుషులకీ ఎక్కుతుందని చూపించారు. ఈ పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు చాలు. మనకొచ్చే వైవాక్స్ రకం మలేరియా పరాన్నజీవికి 48 కావాలి. నోలెసి పట్టిన కణం పగిలితే సుమారు పది పిల్లలు బయటపడతాయి. అన్నీ కొత్త కణాల్లో దూరాయనుకో, ఒక్కటి వారం తిరిగేసరికి కోటి. రీసస్ ఒంట్లో ఈ ఎక్కం దాదాపు అడ్డులేకుండా సాగిపోతుంది. పొడుగుతోక కోతి ఒంట్లో ఎక్కడో తెగుతుంది. నీ వ్యాసమంతా ఆ తెగేచోటే ఉంది తల్లీ. నువ్వేమో వెళ్లి బేగంపేటలో మొదలుపెట్టావు.

రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20, సికింద్రాబాదు, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవి. తెలుగులో మలేరియా అనగానే అందరం అక్కడికే పరిగెడతాం, నేనూ పరిగెత్తాను. చెన్నైలో కూర్చుని రాస్తున్నదానివి, పక్కనే గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ ఉంది కదా. 1930ల్లో దానికి డైరెక్టరుగా చేసిన హెన్రీ షార్ట్, తర్వాత లండన్ వెళ్లి గార్నమ్‌తో కలిసి 1948లో ఒక రీసస్ కోతి కాలేయంలో మలేరియా పరాన్నజీవి దాక్కునే దశను కనిపెట్టాడు. దోమ కుట్టిన తర్వాత, రక్తంలో కనిపించేలోపు అది ఎక్కడుంటుందన్నది అప్పటిదాకా తేలని ప్రశ్న. దాన్ని తేల్చింది కోతుల పరాన్నజీవే, సైనోమోల్గి అని పేరు. రాస్ కంటే ఈయన నీ కథకి దగ్గరి చుట్టం.

ఇక నీ యుద్ధం. సైన్యాలు, కోటలు, శత్రువు చొరబాటు, వీరోచిత పోరాటం. ఎర్ర పెన్ను సగం అక్కడే అయిపోయింది. కోతి ఒంట్లో జరిగేది అలా ఉండదు. చాలా అడవి కోతుల్లో పరాన్నజీవి పూర్తిగా పోదు. కొద్దిగా మిగిలి ఉంటుంది, ఆ మిగిలింది ఉన్నంతకాలం కొత్తగా ఎక్కేది విజృంభించదు. దీనికి ప్రెమ్యునిషన్ అని పాత పేరు. ప్లీహం అని రాసి వదిలేశావు చూడు, దాని గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. మన ఊళ్లలో చలిజ్వరం ముదిరితే కడుపులో బల్ల పెరిగిందంటారే, ఆ బల్ల ఇదే. పైకి ఏమీ లేనట్టున్న కోతికి ప్లీహం కోసి తీసేస్తే, అంతకుముందు స్లైడులో ఎంత వెతికినా దొరకని పరాన్నజీవులు బిలబిలమంటూ వచ్చేస్తాయి. 'రోగనిరోధక శక్తి' అని పదిసార్లు రాసే బదులు ఈ ఒక్కటి రాసి ఉంటే మీ అమ్మమ్మకి కూడా అర్థమయ్యేది.

పోలిక కావాలంటే ఊళ్లోంచి తెచ్చుకో. మా చిన్నప్పుడు పగటివేషగాళ్లు వచ్చేవాళ్లు. ఒకరోజు శివుడు, మర్నాడు కోయదొర, ఆ మర్నాడు పోలీసు. నిన్నటి వేషం గుర్తున్న పిల్లలు కూడా ఇవాళ్టివాణ్ని పోల్చుకోలేకపోయేవాళ్లు. నోలెసి చేసేది అదే. 1965లో కె.ఎన్. బ్రౌన్, ఐ.ఎన్. బ్రౌన్ అనే ఇద్దరు రీసస్ కోతులకి చాలీచాలని మందిచ్చి జబ్బును సాగనిచ్చారు. పరాన్నజీవులు తిరగబెట్టినప్పుడల్లా సీరం, అంటే రక్తంలోని తేట, తీసి చూస్తే, అది పాత విడతవాటిని ఉండకట్టించేది, కొత్త విడతవాటిని పట్టించుకునేది కాదు. అయితే వేషగాడికి తాను మారుతున్నానని తెలుసు. పరాన్నజీవికి తెలియదు. కోట్లలో కొన్ని తొడుగు మార్చుకుని ఉంటాయి, పాత తొడుగువాటిని యాంటీబాడీలు ఏరేస్తే ఇవి మిగిలి పెరుగుతాయి. పోలిక వాడితే అది ఎక్కడ చెల్లదో కూడా రాసెయ్యాలి. లేకపోతే పురుగుకి బుద్ధి అంటగట్టినదానివవుతావు.

ఇంకొకటి గమనించావో లేదో, ఇప్పటిదాకా నేను చెప్పినవి చాలావరకు బోనులోని కోతులు. సూదితో, లెక్కగా, ఒక్క రకం పరాన్నజీవిని ఎక్కించిన కోతులు. నీ శీర్షికలో 'అడవి కోతులు' అని పెట్టావు. అడవిలో ఇంత శుభ్రంగా ఉండదు వ్యవహారం. బోర్నియోలోని సరవాక్‌లో 108 అడవి కోతుల రక్తం పరీక్షిస్తే 101 కోతుల్లో మలేరియా ఉంది, ఐదు జాతుల పరాన్నజీవులు, చాలా కోతుల్లో ఒకటికి మించి. మన నీలగిరుల టోపీ కోతుల్లోనూ మలేరియా ఉందని 1960ల మొదట్లోనే తేలింది, అక్కడ దాన్ని మోసేది అనోఫెలిస్ ఎలిగన్స్ అనే అడవి దోమ. 'బోర్నియో వెళ్లే డబ్బు లేదు' అని బాధపడ్డావుగా నువ్వు. ఊటీకి బస్సుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక వారపత్రికకి 'కోతుల నుంచి మలేరియా' అని రాశాను. శీర్షిక నాదే, సంపాదకుడి మీదికి నెట్టను. లోపల మలేషియా అడవులనీ, అడవి దోమలనీ అన్నీ రాశాను, ఎవరు చదివారు? నెల తిరక్కముందే మా చెల్లెలు వాళ్ల కాలనీలో ఆ పేజీ కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించారు. దాని కింద కోతులు పట్టేవాణ్ని పిలిపించడానికి చందా కాగితం, ఇంటికి యాభై. ఆ కాలనీలో సగం ఓవర్‌హెడ్ ట్యాంకులకి మూతల్లేవు. నగరాల్లో మలేరియా మోసే స్టెఫెన్సీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి ట్యాంకుల్లోనే, బావుల్లోనే. దానికి ఏ కోతితోనూ పనిలేదు. అప్పట్నించీ కోతి అని రాయబోయినప్పుడల్లా పెన్ను ఆపి, ఏ కోతి, ఏ ఊరు, ఏ దోమ అని అడుగుతున్నాను. ఆ చెల్లెలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుందిలే.

ఆసుపత్రులవాళ్లూ ఇలాగే పేరు దగ్గర పొరబడ్డారు. ముప్పైరెండేళ్లు స్లైడులు చూసినదాన్ని కాబట్టి ఇది నాకు బాగా నచ్చే కథ. సరవాక్‌లోనే కాపిట్ అనే చోట రోగుల స్లైడుల్లో ప్లాస్మోడియం మలేరియే అనే రకం పరాన్నజీవి తెగ కనిపించేది. ఎదిగిన పరాన్నజీవి ఎర్రకణానికి అడ్డంగా పట్టీ కట్టినట్టు ఉంటుంది దాంట్లో. అయితే ఈ మలేరియే రకంతో వచ్చేది సాత్వికమైన జబ్బు, స్లైడు మీద నూనె బొట్టు వేసి మైక్రోస్కోపు కింద ఎంతోసేపు జరుపుకుంటూ పోతే తప్ప పరాన్నజీవి కంటపడదు. ఇక్కడేమో కుప్పలుకుప్పలు, రోగులు ఆసుపత్రిలో చేరేంత జబ్బు. బల్బీర్ సింగ్ బృందం జన్యు పరీక్ష చేస్తే 208 మందిలో 120 మందికి నోలెసి అని తేలింది. 2004లో అచ్చయింది. అదీ పట్టీ కడుతుంది మరి. చూసినవాళ్ల కన్ను తప్పేమీ చూడలేదు, పెట్టిన పేరు తప్పింది. ఇది నీ వ్యాసంలో ఒక్క లైనులో, అదీ బ్రాకెట్లలో ఉంది. కనీసం రెండు పేరాలు చెయ్.

వచ్చే ఆదివారం ఇంటికి రా. నా పాత మైక్రోస్కోపు అటకమీంచి దింపించాను, కటకానికి కాస్త బూజు పట్టింది గానీ పనికొస్తుంది. ఒక స్లైడు పెడతాను, పేరు చెప్పను. నీకు కనిపించింది కనిపించినట్టు పది వాక్యాలు రాయి. ఉంగరం, పట్టీ, చుక్కలు, ఏది కనపడితే అది. తర్వాత భోంచేద్దాం.

గేటు గడియ మాత్రం వేసి రా. మొన్న తీసి వదిలేస్తే ఒకటి వచ్చి పెరుగు ప్యాకెట్టు ఎత్తుకుపోయింది. టోపీ కోతి, ఆడది, నడినెత్తిన పాపిడి తీసినట్టు జుట్టు, ఒంటికంటే పొడుగు తోక, పొట్టకి కరుచుకుని నెలలైనా నిండని పిల్ల. గోడమీద కూర్చుని ప్యాకెట్టు మూల కొరికి, సగం తాగి, సగం పిల్ల నెత్తిమీద పోసింది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ