చిరంజీవి సుధకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సుధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. సీఎంఈలు, అంటే సూర్యుడు విసిరే ప్లాస్మా (విద్యుదావేశపు వాయువు) మేఘాలు, భూమిని ఎప్పుడు చేరతాయో లెక్కగట్టే పనిలో చేరుతున్నావని మీ అమ్మ చెబితే, ఆనందం పట్టలేక మళ్ళీ చెప్పించుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎక్కడ కాలు జారుతుందో తెలిసినదాన్ని కదా.

కరోనాగ్రాఫ్ (సూర్యబింబాన్ని కప్పి చుట్టూ ఉన్న వెలుగును తీసే పరికరం) బొమ్మల్లో కొలిచే వేగం ఆకాశపు తలం మీదిది, అంటే మన చూపుకు అడ్డంగా సాగేది మాత్రమే. మన వైపు నేరుగా వచ్చేవాటికి దాన్ని ఉన్నదున్నట్టు వాడకు. సుమారు 20 సౌర వ్యాసార్ధాల లోపల అయస్కాంత బలాలదే పెత్తనం, డ్రాగ్ లెక్క, అంటే సౌర పవనం (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే ప్లాస్మా) దాన్ని పట్టి లాగే లెక్క, ఆ తర్వాతే మొదలుపెట్టు.

అక్కణ్ణుంచి సౌర పవనం చెప్పినట్టు వినాల్సిందే. సెకనుకు 1000 కిలోమీటర్లతో బయల్దేరినదానికి పవనం వేగం 400, డ్రాగ్ పట్టు ఎంతో చెప్పే గామా కిలోమీటరుకు 2×10⁻⁸ అని పెట్టి చూడు. ఒక్క రోజులో వేగం 700కి దిగుతుంది. డ్రాగ్ లేకుంటే 38 గంటల్లో వచ్చేది, దాదాపు 53 గంటలు తీసుకుంటుంది. ఇదంతా కణాలు ఒకదానికొకటి గుద్దుకోవడం వల్ల అనుకునేవు! అంత పలచటి చోట గుద్దుకోవడాలు ఎక్కడివి? ఊపును మోసుకుపోయేవి ప్లాస్మాలోని అయస్కాంత తరంగాలు.

ఇప్పుడు అసలు సంగతి. మేం ఈ అంచనాలు కట్టే గదిలో ఒక కుర్రాడు ఉండేవాడు, మహా చురుకైనవాడు. సీఎంఈకీ పవనానికీ ఉన్న వేగాల తేడాను వర్గం చేసి, ముందు మైనస్ పెట్టి ప్రోగ్రాం రాశాడు. వేగంగా వచ్చేవాటన్నిటికీ జవాబు చక్కగా వచ్చేది, ఎవరికీ అనుమానం రాలేదు. ఒకసారి 250తో బయల్దేరిన నెమ్మది సీఎంఈ పడింది. పవనం దానికంటే జోరుగా ఉన్నప్పుడు దాన్ని ముందుకు లాక్కుపోవాలి కదా. వర్గం చేస్తే మైనస్ గుర్తు చచ్చిపోతుంది, గమనించావా? ప్రోగ్రాం దాని వేగం ఇంకా తగ్గిస్తూ పోయి, నడిదారిలో ఆపేసి, సూర్యుడి వైపు వెనక్కి మళ్ళించింది! గదంతా పగలబడి నవ్వారు. సరిచేయడానికి ఎంతసేపు? వర్గమంటే తేడాను తేడాతో గుణించడమే కదా, అందులో ఒక తేడాను అలాగే ఉంచి, రెండోదానికి పరమ మూల్యం (గుర్తు వదిలేసిన విలువ) తీసుకుంటే సరి. కానీ ఆ కుర్రాడు చాలాకాలం ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. నువ్వూ చిన్న మాటకే చిన్నబుచ్చుకునే పిల్లవి. అందుకే చెబుతున్నా, నెమ్మదివాటితోనే ముందు పరీక్షించు, ఎవరూ చూడకముందే.

నా భయమల్లా ఒక సీఎంఈ వెనకాలే వచ్చే రెండోదాని గురించి. 2012 జూలై 23న పేలినది సూర్యుణ్ణి గమనించే స్టీరియో-ఏ అంతరిక్ష నౌకను 20 గంటల లోపే చేరింది. అక్కడికొచ్చాక కూడా వేగం 2000 దాటే ఉంది. జూలై 19నాటి విస్ఫోటం దారిని ముందే ఊడ్చేసింది. సాంద్రత పడిపోయాక డ్రాగ్ పట్టు ఏముంటుంది? భూమి వైపు రాలేదు కాబట్టి బతికిపోయాం. కాబట్టి గామా ఎంత పెట్టాలో తేల్చుకునే ముందు, గత నాలుగైదు రోజుల్లో అదే దారిన ఏం వెళ్ళిందో చూడు. బద్ధకిస్తే ఊరుకోను.

టైము చెప్పేటప్పుడు నిమిషాలతో సహా చెప్పకు. 10 గంటలు అటూ ఇటూ తప్పడం పెద్ద పెద్ద మోడళ్ళకే మామూలు.

వేళకు తిను. కోడ్ సిద్ధమయ్యాక నాకు పంపు, గుర్తులు నేనూ ఒకసారి చూస్తాను.

మీ పెద్దమ్మ