ఆహార ప్యాకెట్ మీద ‘ఐడిడిఎస్ఐ లెవల్ 2’ అని ఉంటే అది సర్టిఫికెట్టేనా?

కాదు, మామూలుగా అది తయారీదారు తన సరుకు చిక్కదనాన్ని తానే పరీక్షించుకుని వేసే నంబరు. మింగడం కష్టమైనవాళ్ల కోసం ఐడిడిఎస్ఐ అనే అంతర్జాతీయ సంస్థ 0 నుంచి 7 దాకా స్థాయిలు పెట్టింది. 0 అంటే నీళ్లలా పలచన, 7 అంటే మామూలు భోజనం. కొలిచే పద్ధతి చెప్పింది గానీ, ఏ సరుకుకూ ముద్ర వేయదు. ప్యాకెట్ మీద ఉండే, ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ లైసెన్స్ నంబరుకూ చిక్కదనానికీ అసలు సంబంధమే లేదు.

రాగిజావనే తీసుకోండి. సూది లేని 10 మి.లీ. సిరంజిని నింపి 10 సెకన్లు కారనిస్తే, 4 నుంచి 8 మి.లీ. మిగిలితే లెవల్ 2. (సిరంజి కూడా ఏదిపడితే అది కాదు, 0 నుంచి 10 గీత దాకా 61.5 మి.మీ. ఉండాలి.) జావ చల్లారితే చిక్కబడి లెవల్ 3కి వెళ్లిపోవచ్చు కాబట్టి, తాగే వేడిలోనే చూడాలి.

నంబరు పెద్దదైతే పొలమారదని చాలామంది అనుకుంటారు. కానీ మరీ చిక్కనిది గొంతులో కొంత మిగిలిపోయి, తర్వాత ఊపిరితిత్తుల వైపు జారవచ్చు. ఎవరికి ఏ నంబరన్నది మింగే తీరు పరీక్షించిన స్పీచ్ థెరపిస్టో డాక్టరో చెప్పాల్సిందే.